అమ్మ ఎక్కిన పెళ్ళిగుర్రం

నేను గుర్రాన్ని ఇష్టపడి కొనలేదు, కోపం వచ్చి కొన్నాను. నా కోపం సంగతి చిత్తూరులో నేను డ్రిల్లు మాస్టరుగా చేసిన బడిలో ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. ఆ రోజు స్నేహితుడి కొడుకు పెళ్ళి ఊరేగింపు. ముందు బ్యాండు, వెనక జనరేటరు బండి, మధ్యలో తెల్లటి ఆడగుర్రం మీద పెళ్ళికొడుకు. మండపం ఇంకో వంద గజాలుందనగా గుర్రం ఆగిపోయింది. ముందరి కుడికాలు నేలకు ఆనీ ఆననట్టు పట్టుకుని నిలబడింది. దాని యజమాని బెత్తంతో మెల్లగా తట్టాడు. తారురోడ్డు మీద రెండడుగులు కుంటి మళ్ళీ ఆగింది. కుర్రాళ్ళు అది నాట్యం చేస్తోందనుకుని ఈలలు వేశారు.

నేను పోయి పెళ్ళికొడుకును నడుం పట్టుకుని కిందికి దింపేశాను. ముహూర్తానికి ముందు పెళ్ళికొడుకును గుర్రం దింపిన పాపం ఇప్పటికీ నా ఖాతాలోనే ఉంది, ఆ స్నేహితుడు కనిపించినప్పుడల్లా గుర్తు చేస్తాడు. తరువాత యజమాని మీద పడ్డాను. నిజానికి ఆయన చెడ్డవాడు కాదు. నాకన్నా పెద్దవాడు, ఇరవై ఏళ్ళుగా ఆ గుర్రంతో పాటే తిని, దాని పక్కనే పడుకున్నవాడు. నేను అన్నవన్నీ విని, కడకు విసిగిపోయి, "అంత జాలుంటే మీరే తోలుకపోండి సార్" అన్నాడు. ఆయన ఆ మాట అనకుండా ఉండాల్సింది. నేనూ సరేననకుండా ఉండాల్సింది. మర్నాడు డబ్బు తీసుకుని ఆయనే దాన్ని టెంపో ఎక్కించి, పుత్తూరు దారిలో మేముండే చిన్న మామిడితోటలో దించి, దాని మెడ మీద ఒకసారి చెయ్యేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

మా ఆవిడ వాకిట్లో నిలబడి, "తా దూర సందు లేదు, మెడకో డోలు" అంది. ఆ ఒక్క ముక్కే అంది. మామూలుగా అయితే ఇంకా అనేది, గుర్రం ముందు బాగుండదని ఊరుకుంది.

అమ్మ మాత్రం దగ్గరికి వచ్చింది. అమ్మది నగరి. నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కూర్చుని చీరలు నేసిన మనిషి. నాయన పోయాక మా దగ్గరే ఉంటోంది. అప్పటికి డెబ్బై నిండాయి. తన రెండు మోకాళ్ళూ పోయి కొన్నేళ్ళయింది, పొద్దున లేస్తే గోడ పట్టుకుని పది అడుగులు వేస్తేగానీ కాళ్ళు మాట వినవు. గుర్రం ముఖం అందరూ చూస్తారు, అమ్మ వంగి దాని మోకాళ్ళు చూసింది. "దీనికీ నా మాదిరే పొయినట్టుండాయి. పాపం, ఎంతమందిని మోసిందో" అంది. ఆ క్షణం నుంచీ అది అమ్మ గుర్రం. కొన్నది నేనన్న సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

ఇక దాని వైభోగం చూడాలి. తంతే బూరెల గంపలో పడ్డట్టయింది. పొద్దునా సాయంత్రం ఉలవలు ఉడికించడం, ఆ నీళ్ళతో మాకు ఉలవచారు కాయడం. వారంలో ఐదు రోజులు మాకు సంగటీ ఉలవచారే. శనివారం శనివారం పొంగలి చేస్తే మొదటి ముద్ద గుర్రానికి. చెట్టు కింద రాలిన బెంగుళూరా మామిడికాయలు తొక్కతో సహా నమిలేది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మా ఆవిడ రోజుకోసారైనా అనేది, అంటూనే చాటలో ఉలవలు ఏరేది. నాలుగు నెలలు తిరిగేసరికి గుర్రం ఒళ్ళు చేసి మెరిసింది. కుంటు కూడా తగ్గినట్టు కనిపించింది.

అప్పుడు నాకు ఆశ పుట్టింది. చిన్నప్పటి నుంచీ గుర్రం ఎక్కాలన్న కోరిక ఉన్నవాణ్ణి, అది ఎవరికీ చెప్పుకోలేదు. పాత జీను ఒకటి తెచ్చాను. ఎండకు టోపీ కూడా కొన్నాను. అప్పటికి నా బరువు తొంభై రెండు కిలోలు. నేను ఎక్కి కూర్చోగానే గుర్రం ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. నేను అది ఆనందమనుకున్నాను. నాలుగు రోజులు పొద్దున్నే తోట చుట్టూ రాజాలాగా తిరిగాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఐదో రోజు పొద్దున ముసురు. కార్తీకమాసంలో మా వైపు పట్టే సన్నటి, చల్లటి వాన. పాకలోకి వెళ్ళి చూస్తే గుర్రం పడుకుని ఉంది, లేవలేకపోతోంది. ముందు కాళ్ళు చాపుతుంది, సగం లేస్తుంది, మోకాళ్ళు నిలవక కూలబడుతుంది. మూడుసార్లు అట్లా అయ్యాక మెడ నేల మీద పెట్టేసి నా వైపు చూసింది. నేను భుజం ఆనించి తోశాను. మా ఆవిడ వెనక నుంచి గోనెపట్టతో ఎత్తింది. లాభం లేదు. అమ్మ వచ్చి, బురదలోనే నిలబడి, కొండ వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. మేఘాలు కమ్మి కొండ కనపడటం లేదు, అయినా అటే తిరిగింది.

"సామీ, దీన్ని లేపితివా, ఇంక దీని వీపు మీద నరమానవుణ్ణి ఎక్కనియ్యను. ఇది నీ గుర్రం."

ఇంకో తోపుకు గుర్రం లేచింది. అమ్మ తల మీది కొంగుతో దాని ముఖం తుడిచి, నేరుగా ఇంట్లోకి పోయి, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి ముడుపు కట్టి దేవుడి పటానికి తగిలించింది. మా జిల్లాలో పుట్టిన ఎవరికైనా దాని అర్థం చెప్పనక్కరలేదు. ఏడుకొండలవాడు అసలు వదిలినా వడ్డీ వదలడంటారు. ముడుపు కట్టిన మాట మాటే. నేను టోపీని అటక మీద పెట్టేశాను.

తరువాత చేసిన తప్పు మాత్రం మా వైపు మనుషులే చేయగలరు. మా చుట్టుపక్కల ఎవరికి ఎముక విరిగినా పుత్తూరే దిక్కు. ఆకుపసరూ కోడిగుడ్డు తెల్లసొనా పట్టించి, గుడ్డ చుట్టి, వెదురు దబ్బలు పెట్టి కట్టు కడతారు. మూడు వారాలు కదిలించొద్దంటారు, అతుక్కుంటుంది. అమ్మ మణికట్టు ఒకసారి విరిగితే అట్లాగే అతుక్కుంది. అందుచేత మా బుర్రలో చిన్నప్పటి నుంచీ ఒకటే వైద్యం నాటుకుని ఉంది. కాలికైనా చేతికైనా నొప్పి వస్తే కట్టు కట్టు, కదిలించకు. అమ్మ పది గుడ్ల తెల్లసొన గిలక్కొట్టి గుర్రం ముందు కాళ్ళు రెండింటికీ పట్టించి, పాత నేత గుడ్డలు చుట్టింది. మిగిలిన పచ్చసొనలతో మా ఆవిడ పొరటు చేసింది. గుర్రాన్ని పాకలో పొట్టి తాడుతో కట్టేశాం. మేత నోటి దగ్గరికే, నీళ్ళు నోటి దగ్గరికే. ముప్పై ఏళ్ళు పిల్లల చేత చేతులు పైకీ కిందికీ అనిపించి, కదలని ఒళ్ళు కట్టెతో సమానమని ఉపన్యాసాలు దంచినవాణ్ణి, నేనూ తాడు ముడి గట్టిగా ఉందో లేదో చూశాను.

మూడు వారాలకు కట్టు విప్పితే కాళ్ళు స్తంభాల్లాగా వాచి ఉన్నాయి. పైగా ఆ ముసురు రోజు తరువాత అది మళ్ళీ పడుకోలేదు. మేము ఎప్పుడు చూసినా నిలబడే ఉండేది. కునికి, ముందుకు తూలి, ఉలిక్కిపడి సర్దుకునేది. గుర్రాలు నిలబడే నిద్రపోతాయి కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అమ్మ సర్దిచెప్పుకోలేదు. ఎవరినైనా పిలుచుకురమ్మని రెండు రోజులు నా వెంటపడింది.

తిరుపతి నుంచి ఒక పశువుల డాక్టరమ్మ వచ్చింది. మనిషి సన్నగా, వయసు ముప్పై లోపే, మాట మాత్రం హెడ్‌మాస్టరు మాట. ప్రతి కీలూ వంచి చూసింది. గిట్టలు ఎత్తి చూసి పెదవి విరిచింది. నేను కట్టు సంగతి చెప్పాను, మూడు వారాలు కట్టేసిన సంగతి చెప్పాను, పొంగలి సంగతి కూడా దాచలేదు. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇది విరగడం కాదనీ, అరగడమనీ, ఏళ్ళ తరబడి తారు మీద చిందులు వేసి అరిగిన కీళ్ళనీ చెప్పింది. అరిగిన కీలును కొత్తది చేయలేం, కానీ హాయిగా ఉంచవచ్చు. దానికి పనులున్నాయి. ఒళ్ళు తగ్గించాలి, ఉలవలు సగానికి, మామిడికాయ లేదు, పొంగలి అసలే లేదు. ఆరు వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. పాకలో బండలు తీసేసి మెత్తగా ఇసుక పోయాలి, దాని మీద వేరుశనగ పొట్టు పరచాలి. బాగా చలిగా ఉన్న పొద్దుట ఉప్పు మూటతో కాపడం పెట్టవచ్చు. నొప్పి పొడి ఆమె చెప్పిన రోజునే, మన ఇష్టానికి కాదు. అన్నిటికన్నా ముఖ్యం రోజూ నడవాలి. మొదట పగ్గం పట్టుకుని నడిపించాలి, కాస్త కుదురుకున్నాక తేలికపాటి మనిషి ఎక్కితే వీపు కండ కూడా నిలబడుతుంది. నడక మాత్రమే, పరుగు లేదు, తారురోడ్డు లేదు. ఎక్కే మనిషి యాభై కిలోలు దాటకూడదు. ఈ చివరి మాట అనేటప్పుడు నా పొట్ట వైపు చూసింది.

అమ్మ ఒకటే అడిగింది, అది ఎందుకు పడుకోవడం లేదని.

"నిలబడి కునుకు తీస్తుందమ్మా, కానీ ఒంటికి పట్టే నిద్ర పట్టాలంటే కాసేపైనా పడుకోవాలి. దీనికి పడుకోవాలంటే భయం. లేవగలనన్న నమ్మకం పోయింది. ఇట్లాగే ఉంటే ఒకరోజు నిద్ర చాలక తనే కూలుతుంది, అప్పుడు లేపడం మన చేతుల్లో ఉండదు" అంది డాక్టరమ్మ. "అది తనంతట తాను పడుకుని, తనంతట తాను లేచిన రోజు నాకు ఫోన్ చేయండి."

ఆ రోజే గుర్రానికి పగ్గం వేసి లాగాను. కదల్లేదు. బెల్లం ముక్క చూపించాను. మెడ ఎంత సాగుతుందో అంత సాగదీసి బెల్లం అందుకుంది, కాళ్ళు మాత్రం ఎక్కడివక్కడే. బతిమాలాను, తిట్టాను, వెనక నుంచి తోశాను. మా ఆవిడ పిండి రుబ్బుకుంటూ, ఇది గుర్రమా, మీ నాన్నగారి ఇనప బీరువానా అంది. మూడు రోజులు అదే తంతు. చివరికి పాత యజమానికి ఫోన్ చేశాను. ఆయన కోపం మరిచిపోయి పకపకా నవ్వాడు. పగ్గం పట్టాక వీపు మీద మనిషి లేకపోతే అది ఒక్క అడుగు వేయదట. ఇరవై ఏళ్ళ అలవాటట. పెళ్ళికొడుకు లేకుండా ఊరేగింపు కదులుతుందా సార్ అన్నాడు. జీను మీద బియ్యం మూట పెట్టి చూస్తే అన్నాను, అది ఆయన ఎప్పుడో చూశాడట, మూటకూ మనిషికీ తేడా దానికి తెలుసట.

ఇంటికి నూరు గజాల దూరంలో మామిడికాయలు తూచే కాటా ఉంది. పోయి నిలబడ్డాను. దాణా అంతా గుర్రమే తిందనుకుంటే నేనూ తక్కువ తినలేదు, తొంభై నాలుగు. మా ఆవిడను నిలబడమంటే ఊరంతా చూసే చోట తను తూకం వేయించుకునే రకం కాదని ఖచ్చితంగా చెప్పింది. ఆమె బరువు నాకు తెలుసు, అంకె ఇక్కడ రాస్తే నాకు సంగటి పుట్టదు గనుక రాయను, యాభై మాత్రం కాదు. అమ్మ ఊరికే వెంట వచ్చింది, కర్ర పక్కన పెట్టి తనూ ఎక్కి నిలబడింది. నలభై నాలుగు.

కాటా ముల్లు కుదురుకునేదాకా ముగ్గురం దాన్నే చూశాం. ఎక్కగలిగిన మనిషి ఒక్కతే. ఆ మనిషే ఎక్కనియ్యనని దేవుడికి మాట ఇచ్చింది. అమ్మ దిగి, కర్ర తీసుకుని, ఇంటికి నడిచింది.

రెండు రోజులు అమ్మ ముడుపు కింద కూర్చుంది. అన్నం అక్కడికే తెచ్చి పెట్టాం. నేను ఒక ఉపాయం చెప్పబోయాను, ఇంకేదైనా మొక్కు మార్చుకుని మొక్కుకోవచ్చు కదా అని. దేవుడితో బేరమాడే తెలివి నీకే ఉంచుకోమంది. అమ్మ భక్తి గురించి నాకు ఒక సంగతి తెలుసు. ఆమెకు దేవుడు పటంలో ఉండేవాడు కాదు, పక్కింట్లో ఉండేవాడు. మాట తప్పితే వచ్చి అడుగుతాడని నిజంగా నమ్ముతుంది. ఆ రెండు రోజుల్లోనూ గుర్రం నిలబడే ఉంది. రెండో రోజు సాయంత్రం అది తూలి గోడకు గుద్దుకున్న చప్పుడు ఇంట్లోకి వినిపించింది.

మూడో రోజు పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే అమ్మ వాకిట్లోకి వచ్చింది. చీర గోచి పోసి కట్టింది. నగరిలో నాట్లకు పోయే ఆడవాళ్ళు కట్టే కట్టు. నా స్కూటరు హెల్మెట్టు చేత్తో పట్టుకుని ఉంది.

"అమ్మా, మొక్కు?" అన్నాను.

"మొక్కుకునింది నేను. తప్పేది నేనే. అడగాల్సొస్తే ఆయప్ప నన్నడుగుతాడు, నిన్నెందుకు అడుగుతాడు? పట్టు, నన్నెక్కించు."

మా ఆవిడ పరుగున వచ్చింది. పడితే ఏమవుతుందని, నలుగురూ ఏమంటారని, అందులోనూ అది పెళ్ళిగుర్రమని. మొగుడు పోయిన మనిషి పెళ్ళిగుర్రం ఎక్కడమేమిటన్నది ఆమె నోటిదాకా వచ్చి ఆగింది. అమ్మకు అర్థమైంది. తన పెళ్ళికి నాయన గుర్రమెక్కలేదనీ, బాడుగ సైకిలు మీద వచ్చాడనీ, ఆ బాకీ తను తీరుస్తున్నాననుకోమనీ చెప్పి నవ్వింది. ఆ తరువాత మా ఆవిడే చెయ్యి పట్టుకుని ఎక్కించింది.

కింద నుంచి ఎగబాకితే గుర్రం వీపు లాగేస్తుందని డాక్టరమ్మ చెప్పి ఉంది గనుక, బట్టలుతికే బండ పక్కకు గుర్రాన్ని నిలిపాం. నిజానికి గుర్రం అక్కడిదాకా రాదు కాబట్టి ఇద్దరు పొరుగువాళ్ళ సాయంతో బండనే గుర్రం దగ్గరికి దొర్లించాం. అమ్మ బండ మీదికి ఎక్కి, అక్కడి నుంచి జీను మీద కూర్చుంది. రికాబుల్లో పాదాలు పెట్టించాను. వీపు నిటారుగా, మోచేతులు ఒంటికి ఆనించి, చూపు ఎదురుగా. నేను నోరు తెరిచాను, సరిచేయడానికి ఏమీ లేదు. నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కాళ్ళు దించి, ఒక కాలు తొక్కి ఒక కాలు వదిలే మనిషికి నడుం ఎట్లా నిలపాలో డ్రిల్లు మాస్టరు చెప్పాలా?

గుర్రం చెవులు ముందుకు నిక్కాయి. వీపు మీద బరువును ఒక్క క్షణం తూచుకున్నట్టు ఆగి, కదిలింది. బిర్రబిగిసిన కాళ్ళతో కట్టెపేళ్ళ మీద నడిచినట్టు మొదటి పది అడుగులు, తరువాత కాస్త వదులుగా. నేను పక్కనే పగ్గం పట్టుకుని నడుస్తున్నాను. అమ్మ మోకాళ్ళు నా భుజం ఎత్తులో ఉన్నాయి. ఇరవై అడుగులు వేశాక మొదటి మామిడిచెట్టు దగ్గర ఆగింది. నేను వంగి దాని కాళ్ళు తడిమాను. ఏమీ లేదు, బ్యాండు కోసం ఆగిందట. ఊరేగింపులో ప్రతి మలుపులోనూ ఆగి, కుర్రాళ్ళు ఆడి అలిసిపోయేదాకా నిలబడటం దాని ఉద్యోగం. అమ్మ నాలుకతో మగ్గం చప్పుడు చేసింది, టక్కు టకా, టక్కు టకా. గుర్రం ఆలోచించుకుని కదిలింది. ఇది కూడా ఒక రకం బ్యాండే అనుకుని ఉండాలి.

మొదటి వారం పది నిమిషాలు. తరువాత ఇరవై. తోట దాటి నీళ్ళు లేని వంక ఇసుకలోకి, ఇసుకలో నుంచి బండిబాటలోకి. ఆ బాట మీద ఆరిళ్ళు ఉన్నాయి. ప్రతి ఇంటి ముందూ గుర్రం ఆగి, ఇంటివైపు తిరిగి నిలబడేది. పెళ్ళికొడుకును చూడటానికి జనం వస్తారని దాని నమ్మకం. మొదట్లో జనం నిజంగానే వచ్చారు. స్కూటరు హెల్మెట్టు, గోచి పోసిన చీర, ముక్కుపుడక, తెల్ల గుర్రం. నాలుగో ఇంటావిడ ఒకరోజు ఎర్రనీళ్ళ ఆరతి పళ్ళెం తెచ్చి దిష్టి తీసింది, పెళ్ళికొడుకు ఏరి అని అడిగింది. అమ్మ సిగ్గుపడి తిట్టింది, తిడుతూనే నవ్వింది, నవ్వుతూ జీను మీద అటూ ఇటూ ఊగింది. నేను పగ్గం వదిలేసి ఆమెను పట్టుకున్నాను. ఆ బాట మీద నేను పడ్డంత సంతోషం ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో పడలేదు.

అయితే అమ్మ ఒక్కరోజు కూడా నిశ్చింతగా ఎక్కలేదు. శిక్ష కోసం చూస్తూ ఉండేది. పాలు పొంగి పొయ్యి ఆరిపోతే, ఆయప్ప అడగతా ఉండాడనేది. బోరు మోటారు కాలిపోతే అదే మాట. నాకు దవడపన్ను నొప్పి వస్తే నా బదులు నీకొచ్చిందే అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు కోపం వచ్చి, మోటారు దేవుడి వల్ల కాదు, ఎలుకలు తీగ కొరకడం వల్ల కాలిందని కొరికిన ముక్క తెచ్చి చూపించాను. ఎలుకల్ని ఎవరు పంపించినారంది. అంత నమ్మకం ఉండీ మర్నాడు పొద్దున మళ్ళీ హెల్మెట్టు పట్టుకుని వాకిట్లో నిలబడేది. నమ్మకం లేనివాడు మొక్కు తప్పితే అందులో గొప్పేముంది? రోజూ వణుకుతూ రోజూ ఎక్కిన మనిషిని నేను అమ్మ ఒక్కదాన్నే చూశాను.

గుర్రం కాళ్ళ వాపు దిగింది. పొట్ట లోపలికి పోయింది. మొదటి పది అడుగుల బిగువు నాలుగడుగులకు వచ్చింది. పడుకోవడం మాత్రం లేదు. పాకలో ఇసుక తెల్లారి చూస్తే నాలుగు గిట్టల గుర్తులే, వేరే ముద్ర లేదు. అమ్మ రోజూ లేవగానే గోడ పట్టుకుని ముందు అదే చూసొచ్చేది. వచ్చి కాఫీ తాగేది.

మామిడి పూత దట్టంగా ఉన్న రోజుల్లో ఒక పొద్దున నడక ముగించుకుని వంకలోకి వచ్చాం. అమ్మను దింపాను, కాస్త గాలి తగలనీ అని జీను కూడా విప్పాను. ఎండ అప్పుడే ఇసుకను తాకుతోంది. గుర్రం తల వంచి ఇసుక వాసన చూసింది. ముందుకాలితో రెండుసార్లు గీరింది. ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. నాకేమీ అర్థం కాలేదు. ముందరి మోకాళ్ళు వంగాయి, వెనక కాళ్ళు వంగాయి, బరువంతా ధభాలున ఇసుకలో పడింది.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అడిగినాడురా" అంది.

అంతే అంది. అని, నా చెయ్యి వదిలి, పోయి గుర్రం తల దగ్గర ఇసుకలో కూర్చోబోయింది. నేను వెనక్కి లాగాను, ఎందుకంటే అప్పటికి గుర్రం వెల్లకిలా తిరిగింది. నాలుగు కాళ్ళూ ఆకాశం వైపు పెట్టి ఇటు నుంచి అటు పొర్లింది, అటు నుంచి ఇటు పొర్లింది. హాయిగా మూలిగింది. పైకి తేలిన పొట్ట, తెల్ల గడ్డం, పైకి తన్నుకుంటున్న ముసలి కాళ్ళు. నవ్వాలో భయపడాలో తెలియలేదు. కడుపారా పొర్లి, ఒక పక్కకు ఒరిగి, కదలకుండా పడుకుంది. కళ్ళు మూసుకుంది. ఎంతసేపో చెప్పలేను, ఎండ వంక ఒడ్డు దిగి దాని వీపు మీదికి వచ్చేంతసేపు. తరువాత కళ్ళు తెరిచి ముందుకాళ్ళు చాపింది. ఒకసారి ఎగిసింది, చాలలేదు, కూలబడింది. నేను భుజం ఆనించడానికి ముందుకు పోబోయాను. అమ్మ కర్ర అడ్డం పెట్టి ఆపింది. గుర్రం మెడ సాచి, వెనక కాళ్ళు కూడదీసుకుని, ఇంకోసారి ఎగిసింది. లేచింది. నిలబడి ఒళ్ళంతా విదిలించుకుంటే ఇసుకంతా మా కళ్ళల్లో పడింది. అమ్మ ఆ ఇసుక తుడుచుకోకుండా ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది, దాని మెడ పట్టుకుని వేలాడింది. నేను డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆమె హలో హలో అంటూనే ఉంది, నేను కళ్ళల్లో ఇసుక తుడుచుకుంటూనే ఉన్నాను. చివరికి ఆమే, "లేచిందా?" అంది.

ఆ వారమే అమ్మ కొండకు తీసుకుపొమ్మంది. ఏమన్నా కొత్త మొక్కా అని అడిగితే, కాదంది. తప్పు చేసిన మనిషి ముఖం దాచుకోగూడదనీ, ఎదురుగా నిలబడి క్షమాపణ చెప్పుకుని రావాలనీ అంది. పొద్దున్నే గుర్రానికి మేత వేసి, అలిపిరి దగ్గర బస్సెక్కి పైకి పోయాం. క్యూలో అమ్మ ముడుపు చేతిలో పట్టుకుని, క్షమాపణ మాటలు లోపల్లోపల అనుకుంటూ నిలబడింది. పెదవులు కదులుతూనే ఉన్నాయి. గంటలు గడిచాయి. తన మోకాళ్ళ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. లోపలికి చేరాక తెలిసిందే, అందరితో పాటు ఒక్క క్షణం, జరగండమ్మా జరగండి. ముడుపు హుండీలో వేసి బయటికి వచ్చాం. ఘాట్ రోడ్డులో బస్సు కిందికి దిగుతుంటే, అంతా చెప్పుకున్నావా అని అడిగాను.

"యాడ నాయనా, చూసేలోపల జరగమన్నారు. ఒక్క మాటకే సమయముండె. గుర్రం లేసిందని చెప్పినా."